మింగిన అక్షరం

ఫిబ్రవరి 3

నూడుల్స్ హోటలావిడ ఈరోజు ఏప్రన్లు తెచ్చింది. నల్లవి, మందపాటి నారబట్ట. అంచుల్లో పోగులు ఊడుతున్నాయి, మడిచి మళ్ళీ కుట్టాలి. ఏప్రన్లకి కూడా ఇస్త్రీ చేసి తెచ్చిన మనిషిని ఈవిడనే చూశాను.

మా వీధి చివరే ఆ హోటలు. ఇన్నాళ్ళలో లోపలికి వెళ్ళింది లేదు, అద్దంలోంచి చూడటమే. పట్టుమని పదిమంది కూర్చోలేరు. ఒక పొడుగాటి చెక్కబల్ల, దాని వెనకే వంట, మధ్యలో గోడ లేదు. అక్కడ తినేవాళ్ళు పెళ్ళికొచ్చినట్టు తయారై వస్తారు. సాయంత్రం నడకలో ఆ అద్దం ముందు ఆగడం అక్కకీ నాకూ అలవాటు. లోపల వాళ్ళాయన పిండిముద్దని రెండు చేతులతో సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తుంటే ముద్ద కాస్తా దారాలైపోతుంది. "నీకు దూరపు చుట్టమేమోనే, దారాలు తీస్తున్నాడు" అని అక్క అనేది. అంటుంది. అనేది అని ఎందుకు రాశానో తెలీదు.

ఆవిడ మాటల్లో చెప్పింది. పుట్టినరోజు వాళ్ళకి ఒకే పోగుతో గిన్నె నింపి ఇస్తారట. మొదలు నుంచి చివరిదాకా ఒకటే నూడుల్. తెంపకూడదట. ఆయుష్షు అంత పొడుగుండాలని వాళ్ళ నమ్మకం. అక్క పుట్టినరోజు ఈ నెల్లోనే అని నోరు జారాను. మూలన కుర్చీలో ఉన్న అక్క విననే వింది. కుర్చీ చేతిని మోచేత్తో టకటకా కొట్టింది.

"ఓ ఆం."

"పోదాం అంటోందండీ" అని ఆవిడకి చెప్పాను. అక్క మాట ఇప్పుడు నాకొక్కదానికే తెలుస్తుంది. అందరూ ఆవిడ మొహం చూడటం మానేసి, ఆవిడ నోరు తెరవగానే నా మొహం చూస్తారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే అక్క ముందు ఏడవకూడదు, షాపులో ఏడిస్తే జనాల బట్టలు పాడవుతాయి.


ఫిబ్రవరి 5

మింగడం నేర్పే అమ్మాయి వచ్చి వెళ్ళింది. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని మొన్నటిదాకా తెలీదు. గడ్డం గుండెకి ఆనించాలి, ముద్ద చిన్నదిగా ఉండాలి, ఒకసారి మింగాక మళ్ళీ ఉత్తినే ఇంకోసారి మింగాలి. నీళ్ళలో కూడా పొడి కలిపి చిక్కగా చెయ్యాలి. ఏదైనా సరే ముక్కలు చెయ్యందే నోట్లో పెట్టకూడదు. నా కత్తెరల్లోంచి చిన్నది ఒకటి తీసి, వేడినీళ్ళలో మరిగించి, అక్క కంచం కోసం కేటాయించాను. బొత్తాల కాజాలు కోసే కత్తెర అది. చేతిసంచీలో ఎప్పుడూ ఉంటోంది.

నరాల డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. గొంతుతో మొదలైంది, నాలుకకి వచ్చింది, వేళ్ళకి వచ్చింది. పెన్ను పట్టలేదు, ఫోను నొక్కలేదు. మెడ కూడా కొంచెం నిలవడం లేదు. కానీ మనిషి మనిషిలాగే ఉంది. రంగు కూడా వచ్చింది. అందరూ అంటున్నారు.

అక్క బస్టాండులో అనౌన్సరు. రిటైరయ్యి రెండేళ్ళు కాలేదు. చిన్నప్పుడు నేను గబగబా మాట్లాడేసి మాటల చివర్లు తినేస్తుంటే నెత్తిన మొట్టేది. "అక్షరాలు మింగకే! పదిహే... అని మింగేస్తే పదిహేనో పదిహేడో ఎవడికి తెలుస్తుంది? నీ మాట విన్నవాడు వేరే ఊరి బస్సెక్కేస్తాడు." అప్పుడు పెట్టిన పేరే నాకు, హడావిడి. అక్క మాత్రం ఒక్క అక్షరం మింగి ఎరగదు. బస్టాండులో ఎంత గోలగా ఉన్నా చివరి అక్షరం దాకా వినపడేది.

ఇప్పుడు అన్నం మింగుడు పడటం లేదు, అక్షరాలు మింగేస్తోంది. ఈ మాట అక్కకి చెబితే నవ్వుతుంది. చెప్పలేదు.


ఫిబ్రవరి 9

ఈరోజు బాగా తింది.


ఫిబ్రవరి 10

బాగా అంటే మరీ బాగా కాదు. కానీ నిన్నటికన్నా నయం. నిన్న బాగా తింది అని రాశాను కదా, దానికన్నా నయం అంటే ఇంకా బాగా అనే కదా.


ఫిబ్రవరి 16, ఆదివారం

హోటలుకి వెళ్ళొచ్చాం. అక్క పుట్టినరోజు.

అక్క నీలం కోటు వేసుకుంటానంది. బస్టాండు కోటు. ఒళ్ళు తగ్గి వదులైపోయింది, నిన్ననే రెండు వైపులా పట్టేసి కుట్టాను. ఇది మూడోసారి పట్టడం. లోపల ఎంత బట్ట మడతపెట్టానో బయటికి కనపడకుండా కుట్టడమే నా పనితనం. అద్దంలో చూసుకుని బావుంది అన్నట్టు కళ్ళెగరేసింది.

మధ్యాహ్నం కాబట్టి జనం తక్కువ. ముత్యాలదండ వేసుకున్న ఒకావిడ, ఆవిడ ఎదురుగా భర్తో ఎవరో. హోటలావిడ మాకు వేడి తువ్వాళ్ళు ఇచ్చింది. చిన్న కప్పుల్లో టీ పోసింది. ఆ కప్పులు ఎంత పల్చనంటే వేళ్ళు కనపడుతున్నాయి. నేను నా డబ్బాలోంచి పొడి తీసి అక్క టీలో కలిపితే అది జిగురైపోయింది. అంత మంచి టీని అలా చేశానేంటా అనిపించింది.

ఆయన మా ఎదురుగానే నిలబడి లాగాడు. అందరికీ లాగినట్టు మడిచి కాదు. పిండిని తాడులా చుట్ట చుట్టి పెట్టుకుని, ఒక కొస పట్టుకుని లాగుతూ, సన్నగా చేస్తూ, మరిగే నీళ్ళలోకి వదులుతూనే ఉన్నాడు. అక్క కళ్ళు ఆయన వేళ్ళ మీదే ఉన్నాయి. మెడ నిలవకపోయినా చూస్తూనే ఉంది. చిన్నప్పుడు పీచుమిఠాయి బండి ముందు ఇలాగే నిలబడేది. చెయ్యి పట్టుకుని లాగితే గానీ కదిలేది కాదు.

గిన్నె వచ్చింది. తేటగా రసం, అందులో ఒకే పోగు చుట్టలు చుట్టుకుని ఉంది. దాని కొసని గిన్నె అంచు మీద పడుకోబెట్టి, "ఇదండీ మొదలు" అన్నాడాయన. ఆయన మాట్లాడింది అంతే.

కొస అందుకుని అక్క పెదాల మధ్య పెట్టాను. పెదాలు మూసుకోవు కదా, జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. గడ్డం మీద రసం కారింది. కోటు మీద పడింది. ముత్యాలదండ ఇటు చూసి, చూడనట్టు అటు తిరిగింది. ఆ తిరగడం చూసి నాకు ఒళ్ళు మండింది. మూడోసారి కొంచెం లోపలికి వెళ్ళింది కానీ అక్కకి పొలమారింది. మొహం ఎర్రగా కందిపోయింది.

సంచీలోంచి కత్తెర తీసి గిన్నెలో పెట్టి కోసేశాను.

కరకరా చప్పుడు. ఆ గదిలో ఇంకే చప్పుడూ లేదు. హోటలావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తల వంచుకుని తన పిండి వైపు తిరిగాడు. ముక్కలన్నీ రసంలో తేలాయి, కటింగు బల్ల కింద రాలిన దారం ముక్కల్లాగా.

అక్క గిన్నె వైపే చూస్తోంది.

చెంచాతో పెట్టాను, తింది. నాలుగైదు ముక్కలు. ఆ తర్వాత మొహం తిప్పి "చాల్" అంది.

"ఏమన్నారండీ?" అంది హోటలావిడ, నా మొహం చూస్తూ.

"చాలా బావుందట" అన్నాను.

ఆయన ఇటు తిరిగి తల వంచి దణ్ణంలాంటిది పెట్టాడు. అక్క నా వంక చూసింది.


ఫిబ్రవరి 17

తప్పేముంది? మింగలేని మనిషికి ముక్కలు చెయ్యకపోతే ఎలా? పొలమారి ప్రాణం మీదికొస్తే ఆ ముత్యాలావిడ వస్తుందా?

చాలా అనే అంది. చాలా బావుంది అనబోయింది, బావుంది మింగేసింది. ఈమధ్య మాట మొదలే వస్తోంది, చివర రావడం లేదు.


ఫిబ్రవరి 18

అయినా వాళ్ళ నమ్మకాలతో మనకేంటి? పోగు తెగితే ఆయుష్షు తెగుతుందా? నేను రోజుకి ఎన్ని పోగులు తెంపుతాను.


ఫిబ్రవరి 24

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. బరువు చూసి పెదవి విరిచాడు. నోటితో తినేది ఒంటికి సరిపోవడం లేదట, పైగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందట. పొట్టకి చిన్న కన్నం చేసి గొట్టం పెడితే నేరుగా ఆహారం పంపొచ్చన్నాడు. జబ్బు దాని మానాన అది ముందుకి పోతుంది, ఆగదు, కానీ గొట్టం పెడితే మనిషి ఇంకొన్నాళ్ళు ఉంటుందన్నాడు. ఎన్నాళ్ళో నేను అడగలేదు. ఇంకొన్నాళ్ళు అంటే ఇంకొన్నాళ్ళు.

మంచి డాక్టరే. అక్క వైపు తిరిగి, మెల్లగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా అడిగాడు. "అమ్మా, మీకేం కావాలో మీరు చెప్పండి. పెట్టమంటారా, వద్దా?"

అక్క ఊపిరి తీసుకుంది. బస్టాండులో మైకు నొక్కే ముందు తీసుకునేది చూడండి, అలాగ. "చాల్" అంది.

ఆయన నా వైపు చూశాడు.

"చాలా మంచిది, పెట్టించుకుంటాను అంటోందండీ."

అక్క తల ఊపింది. అడ్డంగా.

"మెడ నిలవదండీ, అలా ఊగుతుంటుంది" అన్నాను.

నా నోటితోనే అన్నాను. డాక్టరు పాపం అన్నట్టు చూసి, వచ్చే నెల పదో తారీఖు అన్నాడు. అంతకుముందు ఒకసారి తీసుకురండి, మాట్లాడి సంతకాలు చేయించుకుందాం అన్నాడు. ఆటోలో అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ వేళ్ళకి విదిలించుకునే బలం లేదు. అందుకని నా చేతిలోనే ఉన్నాయి.


ఫిబ్రవరి 25

అక్క మాట్లాడలేదు.


ఫిబ్రవరి 26

మాట్లాడలేదు. అలసిపోయిందేమో.


ఫిబ్రవరి 28

అలసట కాదు. కోపం. పక్కింటి పిల్ల వస్తే దానితో ఏదో ఊ ఆ అని నవ్వుతూ చెప్పింది, నేను వెళ్ళేసరికి ఆపేసింది. దానికి ఏం అర్థమవుతుందని? నాకు చెప్పొచ్చు కదా. నాకైతే అర్థమవుతుంది.

ఎవరికి కోపం వస్తే ఎవరు అన్నం మానేస్తారో మా ఇంట్లో ఎప్పుడూ లెక్క తేలేది కాదు. అక్క పెళ్ళి చేసుకోలేదు, నేను చేసుకుని తిరిగొచ్చాను. ఆ రోజు గుమ్మంలో నా పెట్టె చూసి అక్క ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "అన్నం తిన్నావా?" అంది. నేను మాట్లాడకపోతే ఎదురుగా కూర్చుని తనూ తినలేదు. ఇద్దరం పస్తు పడుకున్నాం. పొద్దున లేచి, "ఇక చాలు, లే, నాకు ఆకలేస్తోంది" అంది.

చాలు అని ఎంత తేలిగ్గా అనేది. కంచంలో వడ్డిస్తుంటే చాలు. నేను మొగుణ్ణి తిట్టుకుంటుంటే చాలు. మిషన్ మీద వంగి కూర్చుంటే చాలు, నడుం విరుగుతుంది లేవవే.

దీపం ఆర్పేస్తాను.


మార్చి 3

ఈరోజు షాపులో నేనే మొదలుపెట్టాను. బొత్తాలు కుడుతున్నాను, అక్క మూలన కుర్చీలో. దారం పళ్ళతో తెంపాను. అలా చేస్తే అక్కకి ఎంత మంటో. "చేతిలో కత్తెర పెట్టుకుని ఎలకలాగా కొరుకుతావేంటే" అని ఏళ్ళ తరబడి తిట్టింది. కావాలనే చప్పుడు చేస్తూ తెంపాను. తిడుతుందేమోనని. ఇంకోటి తెంపాను. ఇంకోటి.

అక్క ఏడుస్తోంది.

సూది పక్కన పడేసి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "ఏం కావాలే నీకు? చెప్పి చావొచ్చు కదా!" అన్నాను. ఎంత మాట వచ్చిందో చూడు నోట్లోంచి.

చాలాసేపటికి చెప్పింది. "ఓటల్."

"నూడుల్స్ హోటలా? మళ్ళీనా?"

రెప్పలు వాల్చింది.

"అక్కడికెళ్ళి మళ్ళీ గొంతులో ఇరుక్కుంటే?"

చేతిసంచీ వైపు చూసింది. కత్తెర కొస బయటికి కనపడుతోంది. దాన్ని చూసి, నన్ను చూసింది. అప్పుడు మెడ ఊగలేదు. స్థిరంగా, అడ్డంగా తిప్పింది. ఇటు ఒకసారి, అటు ఒకసారి.


మార్చి 4

మింగడం నేర్పే అమ్మాయికి ఫోను చేశాను. పొడుగు నూడుల్ అనగానే "అయ్యో వద్దండీ" అంది. తర్వాత "ఆవిడకి కావాలా, మీకు కావాలా?" అంది. ఈ కాలం పిల్లలకి పెద్దాచిన్నా లేదు. ఆవిడకే అని చెప్పాను. అయితే రసం లేకుండా, బాగా మెత్తగా ఉడికించమని చెప్పండి, పెదాలు లాగలేవు కాబట్టి మీరే కొంచెం కొంచెం లోపలికి అందించండి, ప్రతి ముద్దకీ గడ్డం కిందికి, తొందర పెట్టొద్దు అంది.

తొందర పెట్టొద్దట, నన్ను. నా పేరే హడావిడి.


మార్చి 6

కత్తెర ఇంట్లో పెట్టి వెళ్ళాను. గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి వెళ్ళి సంచీలో వేసుకున్నాను. హోటలు దగ్గర అక్క లోపలికి రాలేదు. గుమ్మంలో ఆగి సంచీ వైపే చూస్తూ నిలబడింది. చివరికి తీసి హోటలావిడ చేతికిచ్చాను. "వెళ్ళేటప్పుడు తీసుకుంటానండీ." ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుంది, పసిపిల్లని అందుకున్నట్టు.

మేం తప్ప ఎవరూ లేరు. ఫోను చేసి అన్నీ ముందే చెప్పాను. ఆయన లాగడం మొదలుపెట్టాడు. ఈసారి చాలాసేపు ఉడకనిచ్చాడు. తీసి, నూనె రాసి, రసం లేకుండా చుట్ట చుట్టి పెట్టాడు. కొస అంచు మీద. ఈసారి ఇదండీ మొదలు అని అనలేదు, తెలుసు కదా.

కొస పట్టుకుని అక్క నాలుక మీద పెట్టాను. సూదిలోకి దారం ఎక్కించినట్టే. సూదికైతే దారాన్ని మనం తడుపుతాం. వేలెడు లోపలికి అందించాను. గడ్డం దించింది. కళ్ళు మూసుకుంది. గొంతు కదిలింది. మళ్ళీ ఉత్తినే ఒకసారి మింగింది. కళ్ళు తెరిచింది. ఇంకో వేలెడు.

పొలమారలేదు.

మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది. నా చెయ్యి సంచీలోకి వెళ్ళింది, కత్తెర లేదు. అక్క నా మణికట్టు మీద తన చెయ్యి వేసింది. వేసింది అంటే పడేసింది, బరువుగా. ఆగు అని. ఆగాను. దగ్గు తగ్గింది. పోగు తెగలేదు, నోట్లోంచి గిన్నెలోకి వేలాడుతూనే ఉంది. ఇంకో వేలెడు.

ఎండ ఆ బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది. ఆయన ఇంకేం పని పెట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హోటలావిడ తలుపు మీద పలక తిప్పి మూసి ఉంది అని పెట్టింది. అంతసేపు నేను ఎప్పుడూ ఒక పని మీద నెమ్మదిగా కూర్చోలేదు. అక్క మొహం అంత దగ్గర్నుంచి చూడటం కూడా ఎప్పుడూ లేదు. కనుబొమలో చిన్నప్పటి గాటు. నేను తోస్తే గడప మీద పడింది. అమ్మ అడిగితే కాలు జారిందంది.

చుట్టలో సగం కన్నా ఎక్కువే మిగిలి ఉంది. అక్క నా చెయ్యి ఆపింది. నేను ఆగాను. అప్పుడు పళ్ళు బిగించింది. దవడలో బలం లేదు, ఒకసారికి తెగలేదు. మళ్ళీ బిగించింది. తెంపేసింది. పళ్ళతో, నేను దారం తెంపినట్టు. తెగిన కొస గిన్నెలో పడింది.

నోట్లో ఉన్నది మింగింది. ఉత్తినే ఇంకోసారి మింగింది. ఊపిరి తీసుకుంది, మైకు ముందు తీసుకున్నట్టు.

రెండు చేతులూ ఎత్తింది. ఎత్తడానికే ఎంతసేపో. నేను సాయం వెళ్తే మోచేత్తో తోసింది. రెండు అరచేతులూ చెంపలకి ఆనించి, లోపలికి నొక్కింది. పెదాలు ముందుకొచ్చి గుండ్రంగా అయ్యాయి, చిన్నపిల్లని ఆటపట్టించేటప్పుడు బుగ్గలు నొక్కుతామే అలాగ. నా కళ్ళలోకి చూస్తూ అంది.

"చా... లు."

లు. లు అంది. చెంపలు నొక్కుకుని లు అంది. పదిహేను కాదు పదిహేడు అన్నట్టు, వినపడిందా అన్నట్టు చూసింది.

వినపడింది అన్నాను. వినపడిందే అక్కా, వినపడింది అన్నాను.

హోటలావిడ దగ్గరికొచ్చింది. "ఏమన్నారండీ?"

నేను చెప్పలేకపోయాను. ఏడుపు ఆగలేదు. అక్క ముందు ఏడవకూడదని ఇన్నాళ్ళూ అనుకున్నదంతా ఆ బల్ల మీదే పోయింది. అక్క నా భుజం మీద తల ఆనించింది. అది ఓదార్పో, మెడ నిలవకపోవడమో తెలీదు. రెండూ అయ్యుంటాయి.

గిన్నెలో మిగిలింది నేను తిన్నాను. అక్క కొరికిన చోట మొదలుపెట్టి, ఎక్కడా తెంపకుండా. చల్లారిపోయింది. రుచి తెలీలేదు.


మార్చి 8

డాక్టరు దగ్గర.

"ఏమంటున్నారు?" అని నా మొహం చూశాడు.

"చాలు అంటోందండీ" అన్నాను. "పోయినసారి కూడా అదే అంది. నేనే మార్చి చెప్పాను."

ఆయన కుర్చీ జరుపుకుని అక్క పక్కకి వచ్చి కూర్చున్నాడు. అవునంటే ఒకసారి రెప్ప వాల్చమని, తనే అన్నీ మళ్ళీ అడిగాడు. గొట్టం వద్దా? వాల్చింది. పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? వాల్చింది. ఇంట్లోనే ఉంటారా? వాల్చింది. నన్ను అడిగాడు, "మరి మీరు?" అని.

"నన్ను అడక్కండి" అన్నాను.

ఆటోలో అక్క "ఆ... ఇ... ఈ" అంది. హడావిడీ అని. ఎన్ని రోజులైందో పిలిచి. "ఏంటే" అంటే ఏం లేదంది. ఊరికే పిలిచిందట.


మార్చి 10

గొట్టం పెట్టాల్సిన రోజు. ఇంట్లోనే ఉన్నాం. కిటికీ దగ్గర కుర్చీ వేశాను. వాన పడింది.


మార్చి 15

రెండు చెంచాలు.


మార్చి 19

తేనె పెదాలకి రాస్తే చప్పరించింది. నర్సు వస్తోంది, నొప్పి లేకుండా మందు ఇస్తోంది. నొప్పి లేదు. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ రెప్ప ఒక్కసారే వాల్చింది.


మార్చి 22

నీలం కోటు మళ్ళీ వదులైంది. పట్టి కుట్టలేదు. ఇంక పట్టను.


మార్చి 27

పొద్దున.


ఏప్రిల్ 11

షాపు తెరిచాను.


ఏప్రిల్ 12

మూలన కుర్చీ తీసెయ్యమని అందరూ అంటున్నారు. ఎవరికి అడ్డమొచ్చిందట?


మే 2

హోటలావిడ వచ్చింది. మళ్ళీ ఏప్రన్లు. కత్తెర కూడా తెచ్చింది, ఆ రోజు మర్చిపోయాను. తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. కబురు తెలుసట. మూలన కుర్చీ చూసి కాసేపు నిలబడింది. కూర్చోమంటే అందులో కూర్చోకుండా నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఒకటి అడగాలండీ. మా ఆయన అడగమన్నారు, రెణ్ణెల్లుగా అడగమంటూనే ఉన్నారు. ఆ రోజు మీ అక్కగారు ఏదో అన్నారు కదా, చెంపలు పట్టుకుని. ఏమన్నారండీ? బావుందన్నారా?"

బావుందట అనేద్దామనుకున్నాను. నోటి చివర దాకా వచ్చింది. ఆవిడ సంతోషపడేది, నేను నా బొత్తాలు కుట్టుకునేదాన్ని.

"చాలు అంది" అన్నాను.

ఆవిడ మొహం వాడిపోతుందనుకున్నాను. వాడలేదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, "చాలు అన్నారా?" అంది. "నిజంగానా?"

"అవునండీ."

"మా ఆయన ఈరోజు నిద్రపోతారు" అంది. "బావుంది అని అందరూ అంటారండీ, మొహమాటానికి కూడా అంటారు. ఆయన నమ్మరు. ఇంకా పెట్టమంటే కంగారు పడతారు, తక్కువ పెట్టానేమోనని. గిన్నె ముందు కూర్చున్న మనిషి కడుపు నిండి చాలు అంటేనే ఆయనకి తృప్తి. అంత మిగిల్చారు కదా, నచ్చలేదేమో, నిండలేదేమో అని ఇన్నాళ్ళూ అదే దిగులు."

ఆవిడ వెళ్ళిపోయాక ఏప్రన్ ఒకటి మిషన్ మీద పెట్టి కూర్చున్నాను. కుట్టలేదు. ఇంక బతకడం చాలు అందనుకున్నాను నేను. ఆ ఒక్క అక్షరాన్ని నేను అన్ని రోజులు మింగి కూర్చున్నది అందుకే. అక్క వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి చాలు అనేది కూడా అదే మాట కదా. కోపంతో కాదు, విసుగుతో కాదు. తిన్నాను, నిండింది, ఇంక నువ్వు తిను అని. సగం నాకు మిగిల్చి మరీ అంది.

నిండిందేమో నీకు. ఆ ఎండ, ఆ పోగు, ఆ నీలం కోటు, బస్టాండు, నేను, అన్నీ కలిపి నిండిందేమో. మంచిదే.

ఏప్రన్ అంచు మడిచి కుట్టాను. చివర ముడి వేసి, కత్తెర పక్కనే ఉన్నా దారం పళ్ళతో తెంపాను. మూల వైపు చూశాను.

నాకు చాల్లేదే అక్కా. నాకింకా చాల్లేదు.